నెత్తురు చిమ్మే గాయంలో హీమోస్టాటిక్ గాజుగుడ్డ: ఎక్కడ కూరాలి, ఎలా నొక్కాలి

విశాఖ ఆటోనగర్ షెడ్డులో గ్రైండర్ చక్రం పగిలి ఒక ముక్క గజ్జ మడతలోకి దూసుకుపోయిందనుకోండి. నిమిషం తిరక్కుండా ప్యాంటు తడిసి ముద్దవుతుంది. చుట్టూ చేరినవాళ్లు సాధారణంగా మూడు పనులు చేస్తారు: తుండుగుడ్డ తెచ్చి పైపైన చుడతారు, మంచినీళ్లు పట్టిస్తారు, ఆటో ఎక్కించి వెనక సీట్లో కూర్చోబెడతారు. మూడూ నష్టమే. పైపైన చుట్టిన తుండు నెత్తురును ఆపదు. పీల్చుకుని, ఎంత పోతోందో మనకు కనబడకుండా చేస్తుంది, అంతే.

మనిషి ఒంట్లో కిలోకు సుమారు 70 మి.లీ. నెత్తురు ఉంటుంది. 60 కిలోల మనిషికి నాలుగు లీటర్ల పైచిలుకు. అందులో 30 శాతం దాటి పోతే బీపీ పడిపోతుంది, మాట తడబడుతుంది. 40 శాతం దాటితే ప్రాణం మీదికి వస్తుంది. తొడ ధమని పూర్తిగా తెగితే అక్కడిదాకా రావడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. 108 బండి గాజువాక నుంచే బయలుదేరినా అంతలో చేరడం కష్టం. అందుకే ఆ ఐదు నిమిషాలూ పక్కనున్నవాళ్ల చేతుల్లోనే ఉంటాయి.

హీమోస్టాటిక్ గాజుగుడ్డ, అంటే నెత్తురు గడ్డకట్టించే మందు పూసిన గాజుగుడ్డ, ఆ చేతులకు సాయం మాత్రమే. ప్యాకెట్ చింపి గాయం మీద పరిస్తే పని అయిపోదు. నెత్తురును ఆపేది తెగిన నాళం మీద పడే నొక్కుడు. నొక్కుతున్నంతసేపట్లో గడ్డ త్వరగా, గట్టిగా కట్టేలా చేసేది గాజుగుడ్డ మీది మందు. జంతువులపై చేసిన కొన్ని పరీక్షల్లో చక్కగా కూరిన మామూలు గాజుగుడ్డ కూడా ఈ ఖరీదైన రకానికి దీటుగా నిలిచింది. కూరడం రాకపోతే ఖరీదైన ప్యాకెట్ కూడా మామూలు గుడ్డే.

అందులో ఏముంటుంది

ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. ఒకటి కేయోలిన్ పూసినది. కేయోలిన్ అంటే పింగాణీ పాత్రలకు వాడే తెల్ల బంకమన్నే. నెత్తురు గడ్డకట్టడంలో ఒకదాన్నొకటి లేపే కారకాల వరస ఉంటుంది. కేయోలిన్ తగలగానే అందులో పన్నెండో కారకం మేలుకుని మిగతావాటిని కదిలిస్తుంది. క్విక్‌క్లాట్ కంబాట్ గాజ్ ఈ రకం. 7.5 సెం.మీ. వెడల్పు, సుమారు 3.7 మీటర్ల పొడవు, ముందుకూ వెనక్కూ మడిచి పేర్చి ఉంటుంది. అమెరికా సైన్యానికి గాయాల చికిత్స నియమాలు రాసే కమిటీ 2008లో దీన్ని సిఫారసు చేసింది.

రెండోది కైటోసాన్ రకం. దీని ముడిసరుకు మనకు కొత్తది కాదు. ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో గుట్టలుగా పడే పెంకులే. పెంకులోని కైటిన్‌ను రసాయనికంగా మారిస్తే కైటోసాన్ వస్తుంది. దానికి ధన విద్యుదావేశం, ఎర్ర రక్తకణాల పైపొరకు రుణ విద్యుదావేశం. రెండూ అతుక్కుని జిగురులాంటి ముద్దగా మారి రంధ్రాన్ని మూస్తాయి. గడ్డకట్టే కారకాలతో దీనికి పెద్దగా పని లేదు. సెలాక్స్, కైటోగాజ్ ఈ జాతివే. మన దేశంలో తయారయ్యే ఆక్సియోస్టాట్ కూడా కైటోసానే, కాకపోతే అది స్పాంజి పలకలా ఉంటుంది. (ఇది చదివి పెంకులు దంచి గాయానికి అద్దకండి. శుద్ధి చేయని పెంకుతో గాయం చీము పడుతుంది.)

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, వార్ఫరిన్, ఎసిట్రామ్ లాంటి నెత్తురు పలచబరిచే మాత్రలు వాడేవాళ్లకు కైటోసాన్ రకం మేలు. కేయోలిన్ పనిచేయాలంటే ఒంట్లో కారకాలు సరిగా ఉండాలి కదా. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే కొనేటప్పుడే ఇది చూసుకోండి. రొయ్యలు పడనివాళ్ల సంగతేమిటంటే, ఆ ఎలర్జీ ఎక్కువగా రొయ్య కండలోని ప్రోటీన్ వల్ల వచ్చేది. నెత్తురు చిమ్ముతుంటే దాని కోసం వెనకాడొద్దు, ఆసుపత్రిలో మాత్రం చెప్పండి.

గాయంలో పోసే పొడి జోలికి వెళ్లకండి. తొలినాటి క్విక్‌క్లాట్ జియోలైట్ అనే ఖనిజం గుళికల రూపంలో వచ్చేది. నెత్తురు తగలగానే వేడెక్కి కండను కాల్చేది. వూండ్‌స్టాట్ అనే ఇంకో పొడి నాళాల లోపలికి చేరి గడ్డలు కట్టిస్తోందని 2009లో పక్కన పెట్టేశారు. గాజుగుడ్డ రూపంలో ఉన్నదే కొనండి. ఎక్స్‌రేలో కనబడే దారం ఉన్నదైతే ఇంకా మంచిది. లోపల ముక్క మిగిలిపోతే సర్జన్‌కు తెలుస్తుంది.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

చేతికీ కాలికీ తగిలి చిమ్ముతున్న గాయానికి ముందు టూర్నికే (గాయానికి పైన చుట్టి, పుల్ల తిప్పి బిగించి నెత్తురును ఆపే పట్టీ), తర్వాతే గాజుగుడ్డ. టూర్నికే కట్టడానికి చోటు లేనివి గజ్జ, చంక, మెడ మొదలు, పిరుదు. ఈ గాజుగుడ్డ పుట్టిందే ఆ చోట్ల కోసం. టూర్నికే అందుబాటులో లేకపోతే తొడ, జబ్బ, పిక్క గాయాల్లోనూ కూరవచ్చు.

ఛాతీ, పొట్ట గాయాల్లో కూరకండి. అక్కడ నెత్తురు లోపలి ఖాళీలోకి పోతుంది. మీటర్లకొద్దీ గాజుగుడ్డ తోసినా తెగిన నాళం దొరకదు, వెనక నుంచి ఆనుగా నిలిచే ఎముకా ఉండదు. ఆ మనిషికి కావలసింది ఆపరేషన్ థియేటర్. మీరు చేయగలిగింది వేగంగా పంపడమే. పేగులు బయటికి వస్తే లోపలికి తోయకండి, తడి గాజుగుడ్డ కప్పండి. తల మీద చర్మం చీలితే నెత్తురు భయంకరంగా కారుతుంది కానీ నొక్కితే ఆగుతుంది. నొక్కినచోట ఎముక మెత్తగా దిగుతున్నట్టనిపిస్తే పుర్రె పగిలిందని అర్థం. వేలు పెట్టకండి, గాజుగుడ్డ పైన పరిచి అంచుల చుట్టూ మాత్రమే నొక్కండి. కంట్లో ఏదీ కూరకూడదు.

ఇనుప చువ్వ, గాజు పెంకు, చేపల కత్తి గుచ్చుకుని ఉంటే లాగకండి. రంధ్రానికి బిరడాలా పనిచేస్తున్నది అదే కావచ్చు. దాని చుట్టూ గాజుగుడ్డ కూరి, కదలకుండా రెండు వైపులా చుట్టలు పెట్టి కట్టండి.

ముందు టూర్నికే

గాయానికి 5 నుంచి 7.5 సెం.మీ. పైన, అంటే గుండె వైపు, కట్టండి. మోకాలు, మోచేయి కీళ్ల మీద కట్టకూడదు. గాయం ఎక్కడుందో తెలియనంతగా నెత్తురుంటే బట్టల మీదే కాలి లేదా చేతి మొదట్లో ఎంత పైకి వీలైతే అంత పైన కట్టేయండి. జేబులో ఫోను, తాళాలు ఉంటే తీసేయండి, వాటి మీద పట్టీ బిగిస్తే నొక్కుడు పడదు. పుల్ల తిప్పకముందే పట్టీని చేత్తో లాగి, కింద మూడు వేళ్లు దూరనంత బిగుతు చేయాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: వదులు పట్టీ మీద పుల్ల ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది, బిగుసుకోదు.

నెత్తురు ఆగేదాకా, పాదం దగ్గర లేదా మణికట్టు దగ్గర నాడి అందకుండా పోయేదాకా తిప్పండి. సగం బిగిస్తే అసలు కట్టనిదానికంటే అన్యాయం. లోతుగా ఉన్న ధమనిలోంచి నెత్తురు కిందికి వస్తూనే ఉంటుంది, పైపైన ఉన్న సిరలు మూసుకుపోయి వెనక్కి వెళ్లదు. గాయంలోంచి ఇంకా ఎక్కువ కారుతుంది. సరిగ్గా బిగిసిన టూర్నికే విపరీతంగా నొప్పి పెడుతుంది. రోగి “అన్నా, వదులు చెయ్యి” అని బతిమాలతాడు. చేయకండి. ఒకటి చాలకపోతే దాని పక్కనే పైన రెండోది కట్టండి.

కట్టిన సమయం నుదుటి మీదో పట్టీ మీదో మార్కర్‌తో రాయండి. రెండు గంటల లోపు ఆసుపత్రి చేరితే కాలు పోతుందన్న భయం చాలావరకు అక్కర్లేదు. అరకు నుంచి విశాఖ సుమారు 115 కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డే నడుం విరుస్తుంది, రెండు గంటల్లో నగరం చేరడం కష్టం. అందుకని ఎక్కడ ఆగాలో, ఎప్పుడు టూర్నికే మార్చి గాజుగుడ్డతో సరిపెట్టాలో అంబులెన్సు సిబ్బందికి వదిలేయండి. మీరు దారి మధ్యలో “ఒకసారి నెత్తురు పారనిద్దాం” అని వదులు చేయొద్దు.

దొరికిన వాటితో కట్టాలంటే 5 సెం.మీ.కు తగ్గని వెడల్పు గుడ్డ, దాన్ని తిప్పడానికి విరగని పుల్ల రెండూ ఉండాలి. చున్నీ మడత పనికొస్తుంది. నైలాన్ తాడు, వైరు, షూ లేసు కండలోకి కోసుకుపోతాయి. ఇంకో మాట. మన్యంలో పాము కాటుకు పైన తాడు బిగించే అలవాటు ఉంది. అది వేరు, ఇది వేరు. పాము కాటుకు టూర్నికే కట్టకూడదు.

గాయంలో కూరడం

మనిషిని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. మంచం, పరుపు, కారు సీటు వద్దు. మీరు నొక్కే బలమంతా స్ప్రింగు మింగేస్తుంది. ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఫోన్ చేసే మనిషిని వేలు చూపించి పిలవండి, “ఎవరైనా చేయండి” అంటే ఎవరూ చేయరు. ఎంవీపీ కాలనీ అయితే సెక్టారు నంబరు, హైవే మీదైతే దగ్గరి ఫ్లైఓవర్ లేదా జంక్షన్ పేరు, ఫ్యాక్టరీ అయితే గేటు నంబరు చెప్పాలి. ఆ గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. పెద్ద ప్లాంట్లలో బండి గేటు దాకా తొందరగానే వచ్చి, లోపల దారి తెలియక తిరుగుతుంది.

చేతులకు గ్లవ్స్ తొడగండి. లేకపోతే కర్రీ పాయింటు పాలిథిన్ కవరు కూడా అడ్డమే. బట్టను కత్తెరతో కోసి గాయం పూర్తిగా బయట పెట్టండి. ఇక్కడ సిగ్గు పడితే నష్టం. ప్యాకెట్ చింపే లోపు చేతికి దొరికిన గుడ్డతో గాయం మీద గట్టిగా నొక్కిపట్టి ఉంచండి.

తర్వాత గాయంలో నిలిచిన నెత్తురును మామూలు గాజుగుడ్డతో ఒత్తి తీసేయండి. అప్పటికే గడ్డకట్టినదాన్ని గోకకండి. నెత్తురు ఎక్కడి నుంచి ఉబికి వస్తోందో చూడండి. కళ్లకు కనబడకపోతే వేలితో వెతకండి: వెచ్చగా, కొట్టుకుంటూ వేలికి తగిలేచోటే మూలం. అక్కడ వేలు పెట్టి ఎముక వైపు నొక్కితే ధార తగ్గాలి. తగ్గిందంటే చోటు దొరికినట్టే. రంగు చూసి ధమనా సిరా అని తేల్చుకోవాలనుకోవద్దు, రాత్రి వీధిలైటు కింద అన్నీ నల్లగానే కనబడతాయి.

ఇప్పుడు కూరడం. గాజుగుడ్డ కొసను రెండు వేళ్ల చుట్టూ తిప్పి చిన్న ఉండ చేయండి. దాన్ని సూటిగా మూలం మీద పెట్టి అదే వేలితో నొక్కిపట్టండి. రెండో చేత్తో గాజుగుడ్డను కొంచెం కొంచెంగా లోపలికి తోయండి. ఒక వేలు నొక్కుతుంటే ఇంకో వేలు తోస్తుంది, తోసిన వేలు నొక్కడం మొదలుపెట్టాకే మొదటిది బయటికి రావాలి. రెండు వేళ్లూ ఒక్క క్షణం కూడా ఒకేసారి పైకి లేవకూడదు. లేస్తే ధార కొత్త గాజుగుడ్డను పైకి నెట్టేస్తుంది, మళ్లీ మొదటికొస్తారు.

మడతల మధ్య, మూలల్లో, చర్మం అంచుల కింద కూడా ఖాళీ వదలకండి. లోపల ఖాళీ ఉంటే అక్కడ నెత్తురు నిలుస్తుంది, నొక్కుడు నాళం దాకా చేరదు. మూడున్నర మీటర్లు చాలా ఎక్కువ అనిపిస్తుంది కానీ తొడ గాయం దాన్నంతా సునాయాసంగా మింగేస్తుంది. మిగిలిన దాన్ని చర్మానికి మూడు నుంచి ఐదు సెం.మీ. పైకి గుట్టలా పేర్చండి. చాలకపోతే పైన మామూలు గాజుగుడ్డ వేయండి. అదీ లేకపోతే ఉతికిన చొక్కా. దూది మాత్రం వద్దు, పోగులు గాయంలో అంటుకుని సర్జన్‌ను విసిగిస్తాయి. మొదటి ఉండ పెట్టినప్పటి నుంచి గుట్ట పేర్చేదాకా తొంభై సెకన్లలో ముగించాలి. సాధన లేకుండా ఈ వేగం రాదు.

విరిగిన ఎముక మొనలు, గాజు ముక్కలు లోపల ఉండవచ్చు. వేలిని గుడ్డితనంగా పొడవకండి, గాజుగుడ్డను ముందు పెట్టుకుని తోయండి. గ్లవ్ చిరిగితే తర్వాత ఆసుపత్రిలో ఆ సంగతి చెప్పి మీ రక్త పరీక్షలు చేయించుకోండి.

మూడు నిమిషాలు

గాయం పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. రెండు అరచేతులూ గుట్ట మీద ఒకదానిపై ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, భుజాల బరువంతా కిందికి దించండి. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టండి. అంచనాతో లెక్కపెట్టేవాళ్లలో చాలామంది నిమిషంన్నరకే “అయిపోయింది” అంటారు. హీమోస్టాటిక్ రకానికి కనీసం మూడు నిమిషాలు, మామూలు గాజుగుడ్డకైతే పది. ఎత్తి చూడకండి. అప్పుడే అల్లుకుంటున్న గడ్డ చిరిగిపోతుంది, గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అలిసిపోతే ఇంకొకరి చేతులను మీ చేతుల మీద పెట్టించి, వాళ్ల బరువు పూర్తిగా పడ్డాక మీవి కింద నుంచి లాగేసుకోండి.

మూడు నిమిషాలయ్యాక చేతులను మెల్లగా సడలించి, గాజుగుడ్డను కదపకుండా, పక్కల నుంచి నెత్తురు వస్తోందేమో చూడండి. ఆగితే 15 సెం.మీ. క్రేప్ బ్యాండేజీని గట్టిగా చుట్టండి. ప్రతి చుట్టునూ గాయం మీద ఒక మెలిక తిప్పితే ముడి గుట్ట మీద పడి నొక్కుతుంది. గజ్జకు నడుం చుట్టూ, తొడ చుట్టూ ఎనిమిది అంకెలా రావాలి. మెడ గాయానికి మెడ చుట్టూ చుట్టకూడదు, రెండో వైపు చంక కింద నుంచి తిప్పండి. చేతికి, కాలికి కట్టాక కింద వేళ్లు చల్లబడి నీలంగా మారుతున్నాయేమో చూడాలి. మనకు కావలసింది గాయం మీద నొక్కుడే. కట్టు ఉంగరంలా బిగుసుకోకూడదు.

ఆగలేదా? ముందు అనుమానించాల్సింది మందును కాదు, చోటును. పైపైన కూరి ఉంటారు, లేదా నొక్కుడు పక్కకు పోయి ఉంటుంది. శిక్షణ లేనివాళ్లయితే తీయకుండా పైన ఇంకో గాజుగుడ్డ గట్టిగా కూరి మళ్లీ మూడు నిమిషాలు మరింత బరువుతో నొక్కండి. శిక్షణ ఉన్నవాళ్లు, చేతిలో రెండో ప్యాకెట్ ఉంటే, మొదటిది తీసేసి మూలాన్ని మళ్లీ వెతికి కొత్తది కూరవచ్చు. ఉన్న ఒక్క ప్యాకెట్‌నీ పీకేసి ఖాళీ చేతులతో నిలబడటం అన్నిటికంటే చెడ్డ నిర్ణయం. ఏదీ లేనప్పుడు నెత్తురు చిమ్మే చోట మీ పిడికిలే పెట్టి, అంబులెన్సు వచ్చేదాకా తీయకండి. అదీ చికిత్సే.

బండి వచ్చేదాకా

దుప్పటి కప్పండి. మే నెల విశాఖలో దుప్పటేమిటని నవ్వుకోవచ్చు. నెత్తురు పోయిన ఒళ్లు వేడిని నిలుపుకోలేదు, ఒళ్లు చల్లబడితే నెత్తురు గడ్డకట్టదు. తడిసిన బట్టలు తీసేసి, కింద కూడా ఒక పొర పరిచి, పైన కప్పాలి. ఏసీ అంబులెన్సులో కూడా అంతే.

దాహం దాహం అంటారు. అది నెత్తురు పోయిందన్న గుర్తు. నీళ్లు, సోడా, మజ్జిగ ఏవీ పట్టించకండి. స్పృహ తగ్గితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపరేషన్‌కు మత్తు ఇవ్వడం కష్టమవుతుంది. పెదాలు తడిగుడ్డతో అద్దితే చాలు. మాట్లాడిస్తూ ఉండండి. సమాధానాలు తడబడటం, చెమటలు, పాలిపోవడం కనబడితే లోపల ఇంకా పోతోందని అనుకుని కట్టును మళ్లీ చూడండి.

పసుపు, కాఫీ పొడి, సున్నం, చుట్ట పొడి, కిరసనాయిలు ఏవీ వద్దు. గడ్డిచామంతి ఆకు నలిపి రాసే అలవాటు పొలం గట్టున గీసుకున్న చిన్న కోతలకు ఉందేమో గానీ, ధమని చిమ్ముతుంటే ఆకు రసం కొట్టుకుపోతుంది. వీటి చెత్తంతా ఆసుపత్రిలో కడిగి తీయడానికే పది నిమిషాలు పోతాయి.

పోలీసు కేసు భయంతో చేతులు వెనక్కి లాగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మోటారు వాహనాల చట్టంలోకి 2019 సవరణతో వచ్చిన 134ఎ సెక్షన్, రోడ్డు ప్రమాదంలో సదుద్దేశంతో సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదని చెబుతోంది. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు.

స్ట్రెచర్ ఎక్కించగానే కట్టును మరోసారి చూడండి. ఆగిన నెత్తురు మళ్లీ మొదలయ్యేది సాధారణంగా ఎత్తేటప్పుడే. కేజీహెచ్‌కు తీసుకెళ్లినా, హనుమంతవాక దగ్గర విమ్స్‌కు తీసుకెళ్లినా, అప్పగించేటప్పుడు చెప్పాల్సినవి: గాయం ఎప్పుడైంది, లోపల ఎన్ని గాజుగుడ్డలు ఉన్నాయి, ఏ రకం, టూర్నికే ఎన్ని గంటలకు కట్టారు, నెత్తురు పలచబరిచే మాత్రలు వాడతాడా. ఖాళీ ప్యాకెట్లు పారేయకుండా రోగితోనే పంపండి, లెక్క అక్కడే తేలిపోతుంది. ఈ గాజుగుడ్డను 24 గంటల లోపు డాక్టర్లే తీయాలి. కైటోసాన్ జిగురును సెలైన్‌తో తడిపి వదులు చేస్తారు. ఇంట్లో లాగకండి.

గాయమైన మూడు గంటల లోపు ట్రానెక్సమిక్ యాసిడ్ (కట్టిన గడ్డ కరిగిపోకుండా చూసే మందు) ఇవ్వడం గురించి కూడా డాక్టర్లు చూస్తారు: పది నిమిషాల్లో ఒక గ్రాము, ఆపై ఎనిమిది గంటల్లో ఇంకో గ్రాము. 2010లో వెలువడిన క్రాష్-2 పరీక్షలో ఇరవై వేల పైచిలుకు గాయపడినవాళ్ల మీద దీన్ని చూశారు, మరణాలు తగ్గాయి. గాయమైన సమయం కచ్చితంగా చెప్పమనేది అందుకే కూడా. మూడు గంటలు దాటితే మేలు కంటే కీడు జరగవచ్చు. ఈ మందు మాత్రల రూపంలో దొరికినా మీరు మింగించొద్దు.

తెగిపడిన వేలు ఉంటే సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐసు కలిపిన నీళ్లలో పెట్టండి. ఐసు నేరుగా తగలకూడదు.

డయాలసిస్ చెయ్యి, ఉబ్బిన నరాలు

ఉద్దానం నుంచి విశాఖకు వచ్చే కిడ్నీ రోగులు మనకు తెలుసు. డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరకు కలిపి ఫిస్టులా చేస్తారు. సూది పెట్టిన చోట తెరుచుకుంటే చిన్న రంధ్రమే అయినా ధార గోడకు తగులుతుంది. ఇంట్లోవాళ్లు కంగారుతో పెద్ద తువ్వాలు చుడతారు. నొక్కుడు తువ్వాలంతా పరుచుకుని రంధ్రం మీద ఏమీ మిగలదు. ఇక్కడ కావలసింది ఒక్క వేలు, సరిగ్గా రంధ్రం మీద. వేలి కింద చిన్న కైటోసాన్ ముక్క ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే డయాలసిస్‌లో నెత్తురు గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు ఇచ్చి ఉంటారు, యూరియా పెరిగిన నెత్తురు కూడా సరిగ్గా గడ్డకట్టదు. చెయ్యి పైకెత్తి ఉంచి 108 పిలవండి. కాలి మీద ఉబ్బిన నరం పగిలినా ఇదే పద్ధతి: పడుకోబెట్టి, కాలు గుండె కంటే పైకెత్తి, ఒక వేలితో నొక్కాలి. ఇందులో కూరాల్సింది ఏమీ లేదు.

పెట్టెలో ఏముండాలి, ఎలా సాధన చేయాలి

ఒక హీమోస్టాటిక్ గాజుగుడ్డ (వీలైతే రెండు), 10 సెం.మీ. మామూలు రోలర్ గాజుగుడ్డలు రెండు, 15 సెం.మీ. క్రేప్ బ్యాండేజీలు రెండు, పుల్లతో బిగించే టూర్నికే ఒకటి, నైట్రైల్ గ్లవ్స్ రెండు జతలు, మొద్దు మొన కత్తెర, మార్కర్, పలచటి దుప్పటి. టూర్నికే అసలుదా నకిలీదా చూసుకోండి. చవక రకాల్లో పుల్ల బిగిస్తుండగానే వంగిపోతుంది. సాధనకు వాడిన టూర్నికేను అత్యవసరానికి ఉంచకండి, లాగి లాగి పట్టీ పీచు లేస్తుంది.

షెడ్డులో పెట్టెను తాళం వేసిన ఆఫీసు బీరువాలో పెట్టకండి, గ్రైండర్ దగ్గర గోడకు తగిలించండి. బోటు మీదైతే నీళ్లు తగలని డబ్బాలో. కారులో డ్యాష్‌బోర్డు మీద ఎండకు వదిలేయొద్దు, సీటు కింద పెట్టండి. ప్యాకెట్ సీలు ఊడినా, లోపలికి గాలి చేరి ఉబ్బినా మార్చేయండి. చెమట చేతులతో, నెత్తురు చేతులతో ప్యాకెట్ చిరగదు. చింపడానికి ఉన్న గాటు ఎటువైపుందో ముందే తెలుసుకోవాలి.

సాధనకు పెద్ద ఖర్చు లేదు. పాత పరుపు స్పాంజి ముక్క పదిహేను సెం.మీ. మందంది తీసుకుని ఐదారు సెం.మీ. లోతున, రెండు వేళ్లు పట్టేంత రంధ్రం కోయండి. అడుగు నుంచి సెలైన్ సెట్టు గొట్టం గుచ్చి, రంధ్రం అడుగున ఒక పక్కకు కొస తేల్చండి. సీసాలో కుంకుమ కలిపిన నీళ్లు పోసి ఎత్తుగా వేలాడదీసి, చక్రం తిప్పితే ధార వస్తుంది. చవకైన మామూలు గాజుగుడ్డతోనే కూరండి. గొట్టం కొస మీద నొక్కుడు పడితే చుక్కలు ఆగుతాయి, పక్కన పడితే గుట్ట ఎంత ఎత్తున్నా నీళ్లు పొంగుతాయి. ముందు వెలుతురులో, తర్వాత కళ్లకు గంతలు కట్టుకుని వేలితోనే మూలం వెతుకుతూ చేయండి. గడువు దాటిన హీమోస్టాటిక్ ప్యాకెట్లను పారేయకుండా దీనికే దాచండి, అసలు దాని మందం, మడత, చింపే తీరు చేతికి అలవాటవుతాయి. వాటి మీద మార్కర్‌తో “సాధనకు” అని పెద్దగా రాసి వేరే డబ్బాలో పెట్టండి.